ఎనిమిదడుగుల తొట్టికి ఏ చేప

గుండె ఆపరేషన్ అయ్యాక మా ఆయన ఒక మాట పట్టుకున్నారు. "ఇంకెందుకులే." చొక్కాలు వదులైపోయాయి, కొత్తవి కుట్టించుకుందాం రండి అంటే ఇంకెందుకులే. పన్ను కదులుతోంది కదా, డాక్టరుకు చూపిద్దాం అంటే ఇంకెందుకులే. పెరట్లో ఎండిపోయిన నిమ్మచెట్టు తీసేసి కొత్త మొక్క వేద్దామన్నా అదే మాట. కోపంగా అనరు, బాధగానూ అనరు. తను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయిందని తెలిసిన మనిషి అన్నట్టు, తీరుబడిగా అంటారు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన నరసరావుపేటలో ముప్పై ఏళ్ళు పురుగుమందుల షాపు నడిపారు. పత్తికి ఏ పురుగొచ్చినా, మిరపకు ఏ తెగులొచ్చినా రైతు చెప్పే తీరును బట్టే ఇదీ సంగతి అని తేల్చేవారు. ఆపరేషన్ తర్వాత షాపు తమ్ముడికి అప్పగించి హాల్లో కూర్చున్నారు. గుండె బాగుందన్నారు డాక్టర్లు. రోజూ పొద్దున్నే నడవమన్నారు. ఈయన గేటు దాకా నడిచి పేపరు తీసుకుని వెనక్కి వచ్చేవారు. నడక అయిపోయింది అనేవారు.

నా భయం ఆయన గుండె గురించి కాదు. ఏదీ మొదలుపెట్టని మనిషి ఎన్నాళ్ళుంటాడు అని భయం. ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, ఈయన మళ్ళీ మొదలుపెట్టాలి అని నాలో నేను అనుకునేదాన్ని. అది పైకి చెప్పడం చేతకాక, కాఫీ గ్లాసు టేబుల్ మీద గట్టిగా పెట్టేదాన్ని.

అలాంటి మనిషి ఒకరోజు నోరు తెరిచి ప్రశ్న అడిగారు. చెకప్ కోసం గుంటూరు వెళ్ళాం. ఆసుపత్రిలో మా నంబరు పిలిచేదాకా కూర్చునే హాల్లో గోడ పొడవునా పెద్ద గాజు తొట్టి ఉంది. అందులో ఒకటే చేప. నా చెయ్యంత పొడవు, వెండి రేకులు అతికించినట్టున్న పొలుసులు, గడ్డం కింద రెండు మీసాలు. ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, గోడ తగలకముందే ఒళ్ళు మడిచి తిరిగి వెళ్తోంది. మా ఆయన దానికేసి చాలాసేపు చూశారు.

"ఏమే, అదేం చేప? కొరమీను కాదు, వాలుగ కాదు."

"నాకేం తెలుసండీ."

"నోరు చూడు, పైకి తెరుచుకునుంది. అంటే అది అడుగున తినేది కాదు. పైన నీళ్ళ మీద వాలేదాన్ని పట్టుకుని తింటది."

నమిలే పురుగా, రసం పీల్చే పురుగా అని నోరు చూసి మందిచ్చిన మనిషి కదా, చేపకూ ముందు నోరే చూశారు. నేను వెంటనే ఫోన్ తీసి వెతికాను. దాని పేరు అరోవానా. ఆయన చెప్పింది నిజమే. నీళ్ళ మీదికి వంగిన కొమ్మల మీది పురుగుల్ని ఎగిరి మరీ పట్టుకుంటుందట.

"మనింట్లో పెట్టుకుందామా?" అన్నాను. ఇంకెందుకులే వస్తుందని ఎదురు చూశాను. ఆయన తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు చూపుతో కొలిచి, "ఇంత చేపకి ఎంత తొట్టి కావాలో" అన్నారు. అది సరే అన్నమాటే అని నేను ఖాయం చేసుకున్నాను.

అక్కడ నుంచి నాకే పిచ్చి పట్టింది. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. అరోవానాలు ఒక రకం కాదని తెలిశాక పటం లేకుండా నా వల్ల కాలేదు. ఆసుపత్రిలో చూసిన వెండిది అమెజాన్ నదిది, బాగా పొడవు పెరుగుతుంది. దానికి తమ్ముడి వరస నల్లది, అమెజాన్‌లో కలిసే ఒక నల్లనీళ్ళ నదిలో పుడుతుంది, నీళ్ళ దగ్గర కాస్త సుకుమారం. ఒంటి మీద ముత్యాల చుక్కలుండే జార్డినీ ఆస్ట్రేలియా ఉత్తరాన ఉంటుంది, పక్కన ఇంకో చేపను బతకనివ్వని కోపిష్టి. ఇక ఎర్రవి, బంగారు రంగువి మలేషియా, ఇండోనేషియాల్లో ఉంటాయి. వాటిని సరైన కాగితాలు లేకుండా పెంచకూడదు. ఇవన్నీ ఒకే వంశం, మంచినీళ్ళ చేపలు. మరి ఉప్పు సముద్రం దాటి ఇన్ని ఖండాలకు ఎలా వెళ్ళాయి?

జవాబు చదివినప్పుడు నిజంగానే కుర్చీలోంచి లేచాను. ఖండాలన్నీ ఒకప్పుడు అతుక్కుని ఉండేవని నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. అవి విడిపోయినప్పుడు ఈ చేపలు తలో ముక్క మీదా ఉండిపోయాయట. ఆసియా చేపల పూర్వీకులు మన భారతదేశం ముక్క మీదే ఇటు వచ్చి ఉండొచ్చని కూడా కొందరు అంటారట. ఆ మాట చెబితే మా ఆయన కాస్త ఆలోచించారు.

"అంటే మన మీదుగానే పోయినయ్యన్నమాట. ఇక్కడ దిగకుండా."

"మన బోరు నీళ్ళు రుచి చూసి దిగి ఉండవు," అన్నాను. ఆయన నవ్వారు. అది చూసి నేను ఇంకో గంట చదివాను.

సంగతి మా మరిదికి తెలిసింది. అతనికి వార్డు కౌన్సిలరు సీటు మీద చాలాకాలంగా కన్నుంది. ఎర్ర అరోవానా ఇంట్లో ఉంటే పదవి నడుచుకుంటూ వస్తుందని ఎవరో చెబుతున్న వీడియో ఒకటి ఫోన్‌లో చూశాడు.

"ఎర్రదే తెద్దాం వదినా. కాగితాలదేముంది, మనోళ్ళని అడుగుదాం."

"నీ పదవి కోసం నా హాల్లో కేసు పెట్టించుకోను," అన్నాను. అతను ఎర్రదాన్ని వదిలేశాడు కాని వాస్తును వదల్లేదు. మర్నాడే సిద్ధాంతి గారిని వెంటబెట్టుకుని వచ్చాడు.

సిద్ధాంతి గారు హాలంతా తిరిగి, ఈశాన్యం మూల చూపించి, నీళ్ళు ఇక్కడే ఉండాలన్నారు. నా నోరు ఊరుకోదు.

"ఈశాన్యంలో బరువు పెట్టొచ్చాండీ?"

"కూడదమ్మా. బరువెప్పుడూ నైరుతిలోనే."

"పోనీ తొట్టి నైరుతిలో పెడితే?"

"నైరుతిలో నీళ్ళా?" అని ఆయన చెవులు మూసుకున్నారు.

"మరి ఎనిమిదడుగుల తొట్టి నిండితే టన్నున్నర పైనే తూగుద్దండీ. దాన్ని నీళ్ళనుకోవాలా, బరువనుకోవాలా?"

సిద్ధాంతి గారు ఈశాన్యం నుంచి నైరుతికి, నైరుతి నుంచి ఈశాన్యానికి రెండు సార్లు నడిచారు. మా మరిది ఊపిరి బిగబట్టాడు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, ఆసక్తిగా ముందుకు వంగి కూర్చున్నారు.

"నీళ్ళను శుభ్రం చేసే మోటారు పెడతారా?" అని అడిగారు సిద్ధాంతి గారు చివరికి.

"పెడతామండీ."

"నీళ్ళు తిరుగుతా ఉంటయ్యా?"

"ఉంటయ్యండీ."

"అయితే అది ప్రవాహం. ప్రవాహానికి బరువు లెక్క లేదు. ఈశాన్యంలోనే పెట్టండి."

"కరెంటు పోతే?" అన్నారు మా ఆయన.

సిద్ధాంతి గారు ఆయనకేసి చూసి, "ఇన్వర్టరు పెట్టించండి," అన్నారు. వాస్తుకు అడ్డం రాని ఇన్వర్టరును తర్వాత వారమే పెట్టించాం. నాకు మటుకు కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరుగుతుంది కదా అన్న సంతోషం.

చేపను చూడ్డానికి మళ్ళీ గుంటూరు వెళ్ళాం. షాపాయన ఫోన్‌లోనే మా నీళ్ళు తెమ్మని చెప్పాడు. ఒక సీసాలో మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు, అంటే సాగర్ కాలువవి, ఇంకో సీసాలో మా బోరువి పట్టుకుని బస్సెక్కాం. పక్క సీటు ముసలామె దాహమేస్తోందని చెయ్యి చాపింది. మా ఆయన సీసా వెనక్కి లాక్కుని, "అవి చేప నీళ్ళు," అన్నారు. ఆమె దారంతా మమ్మల్ని ఎగాదిగా చూసింది. బస్సు ఆగినప్పుడు నేను కిటికీలోంచి ఒక నీళ్ళ ప్యాకెట్ కొని ఆమెకు ఇచ్చాను.

షాపాయన రెండు సీసాల్లోనూ ఏవో చుక్కలు వేసి చూశాడు. బోరు నీళ్ళ రంగు మారగానే తల అడ్డంగా ఊపాడు. రాళ్ళ నేల కదా, మా బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లటి పెచ్చు కడుతుంది. అందులో నల్లది అస్సలు నిలవదు, కాలువ నీళ్ళయితే నిలవపెట్టి వాడుకోవచ్చు అన్నాడు. తర్వాత మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు.

లోపల పెద్ద తొట్టిలో పూర్తిగా పెరిగిన వెండి అరోవానా ఉంది. ఎవరో ఇల్లు మారుతూ ఇచ్చేసి వెళ్ళారట. ఆసుపత్రి దానికంటే పెద్దది, ఒక కన్ను మాత్రం కాస్త కిందికి వాలిపోయి ఉంది. దాని పక్కనే చిన్న తొట్టిలో, వేలెడంత పొడవున్న నల్ల పిల్లలు. ఒంటి నిండా నలుపు, పక్కన మెడ నుంచి తోక దాకా పసుపు గీత.

"ఇవి ఎప్పటికీ ఇట్టాగే నల్లగా ఉంటాయా?" అని అడిగాను.

"ఉండవు మేడమ్. పెరిగేకొద్దీ నలుపు పోద్ది. ఒకటి బూడిద రంగుకొస్తది, ఒకటి నీలం తిరుగుద్ది. రెక్కలకి ఊదా అంచొస్తది. ఏది ఏ రంగు తేలుద్దో ఇప్పుడు చూసి నేను కూడా చెప్పలేను."

మా ఆయన వంగి, గాజుకు ముక్కు తగిలేంత దగ్గరగా చూశారు. "ఎన్నాళ్ళు పట్టుద్ది?"

"చానా నెమ్మది సార్. మూడు నాలుగేళ్ళు చూడాలి."

ఆయన నడుము నిలబెట్టారు. "ఇంకెందుకులే," అన్నారు. "పెద్దదే ఖాయం చెయ్యండి. తొట్టి అయ్యాక వచ్చి తీసుకెళ్తాం."

ఎందుకు పెద్దదన్నారో నాకు అర్థమైంది. మూడు నాలుగేళ్ళ మాట ఆయన తనది కాదనుకున్నారు. తిరిగొచ్చే బస్సులో ఆగలేక, "డాక్టరు మీకేమన్నా గడువు రాసిచ్చాడా?" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఊరికే ఎందుకే గొడవ, పెంచే ఓపిక లేదంతే," అన్నారు. నేను కళ్ళు తుడుచుకుంటే దుమ్ము పడిందనుకున్నారో, అనుకున్నట్టు నటించారో, కిటికీ అద్దం మూశారు.

తొట్టి గాజు రావడానికి కొంత సమయం పట్టింది. ఈలోగా ఆయనకు ఇంకో ప్రశ్న పుట్టింది. పెద్ద చేపకు మిడతలంటే ప్రాణమట. మరి మందు తగలని మిడత ఎక్కడ దొరుకుతుంది? ముప్పై ఏళ్ళు ఈ చుట్టుపక్కల పురుగన్నది లేకుండా చెయ్యడానికి మందులమ్మిన మనిషికి ఇప్పుడు పురుగు కావాలి. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం చాలా గంభీరంగా తన పాత రైతులకు ఫోన్లు మొదలుపెట్టారు.

"మీ చేలో మిడతలున్నాయా?" అని పేట పక్క ఊరి మిరప రైతునొకర్ని అడిగారు. స్పీకరు పెట్టి ఉంది, నాకూ వినబడుతోంది.

"మిడతలా? నా చేలోనా? ఎవడన్నాడు?" అన్నాడా రైతు. గొంతులో పౌరుషం. "నా చేనంత శుభ్రమైంది ఈ పక్కన చూపించన్నా."

"తప్పు పట్టటంలేదు. ఉంటే కావాలి."

"ఏంది, మందు మళ్ళీ అంటగట్టటానికా? షాపు మానేశావన్నారే."

పక్కవాడూ అంతే. ఇంకొకాయనకు కోపమే వచ్చింది, ఈయన అడిగిన సంగతి ఊళ్ళో తెలిస్తే తన పంటకు మాటొస్తుందట. పల్నాట్లో రైతును నీ చేలో పురుగుందా అని అడగడం, నీ ఇంట్లో దొంగలున్నారా అని అడగడం ఒకటే. ముప్పై ఏళ్ళ అనుభవం ఉండి ఈ మాత్రం తోచలేదా అన్నాను. ఆయన తల గోక్కున్నారు. ఒక స్నేహితుడు మటుకు జాలిపడి, పత్తి చేను గట్టు మీద పట్టిన మిడతల్ని చిల్లుల డబ్బాలో పంపించాడు. మా ఆయన మూత తీసి వాసన చూసి, మందు పేరు, కొట్టి ఎంతకాలమయిందో కూడా చెప్పి, డబ్బాను దూరంగా పెట్టించారు.

ఆ సాయంత్రం ఆలోచించీ ఆలోచించీ ఆయనే అన్నారు. "గేదెలు మేసే గడ్డికి ఎవడూ మందు కొట్టడే."

కోటప్పకొండ వెళ్ళే రోడ్డులో, మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాలాయన పచ్చిమేత పెంచుతాడు. మర్నాడు తెల్లారేసరికి ఈయన చెప్పులేసుకున్నారు. గేటు దాటారు. నేను పిలవలేదు, వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాను. బడికి టైమవుతుండగా వచ్చారు, చొక్కాకు గడ్డి గింజలు, చేతిలో ఖాళీ డబ్బా.

"దొరకలేదా?"

"ఉన్నాయి. చానా ఉన్నాయి. కానీ అన్నీ పిల్లలు. ఇంకా రెక్కలు రాలేదు."

తర్వాత రోజూ వెళ్ళారు. మిడత పిల్ల కుబుసం విడుస్తుంటే పక్కన కూర్చుని చూశారట. అన్నం తింటూ ఆ సంగతి చెప్పారు. "ఇన్నేళ్ళు ఏ దశలో ఏ మందుకు చస్తదో చెప్పాను గానీ, పెరగటం ఎప్పుడూ చూళ్ళేదే." ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. నేను చారు పోశాను.

గాజు వచ్చింది. ఈశాన్యంలో తొట్టి లేచింది. సాగర్ నీళ్ళు నింపి, మోటారు వేసి, ప్రవాహం చేశాం. అరోవానా ఎగురుతుంది కాబట్టి మీద బరువైన మూత. ఖాళీ నీళ్ళు తిరుగుతుంటే వచ్చినవాళ్ళంతా చేపేది అని అడిగేవారు. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన, పెద్దదాన్ని తెస్తానని గుంటూరు బయలుదేరారు. ఆపరేషన్ తర్వాత ఒక్కరే బస్సెక్కడం అదే మొదలు. నేనూ వస్తానంటే, "చేపకి సీటు కావాలి," అన్నారు.

అంత చేపను ఎలా తెస్తారో చూడ్డానికి మా మరిది మధ్యాహ్నానికే వచ్చి కూర్చున్నాడు. ఎత్తడానికి ఇద్దరు మనుషులకు కూడా చెప్పి ఉంచాడు. ఆటో ఆగింది. మా ఆయన దిగారు. ఒంటి చేత్తో, గాలి నింపిన ఒక ప్లాస్టిక్ కవరు ఎత్తి పట్టుకుని లోపలికి వచ్చారు. అందులో వేలెడంత నల్లపిల్ల, పక్కన పసుపు గీత.

"ఏంది అన్నయ్యా," అన్నాడు మరిది. "ఇంత తొట్టి చేయించి చీపురుపుల్ల తెచ్చావు? పెద్దది అమ్ముడుపోయిందా?"

"లేదు, అక్కడే తిరుగుతా ఉంది." కవరును అలాగే తొట్టి నీళ్ళ మీద తేలేసి, నీళ్ళ చల్లదనం పిల్లకు అలవాటయ్యేదాకా చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "దాన్లో చూడ్డానికేముంది? అయిపోయిందది."

"ఇది పెద్దదయ్యేదాకా ఎవరు కూర్చుంటారు?"

"నేను కూర్చుంటా. ఏ రంగు తేలుద్దో చూడాలిగా."

అది అన్నది నాతో కాదు, తమ్ముడితోనూ కాదు. పిల్ల మీద నుంచి చూపు తిప్పలేదు. తర్వాత షాపాయన ఇచ్చిన వలను ఓ మూల చిన్న గదిలా కట్టి, కవరు విప్పి అందులోకి నెమ్మదిగా వంచారు. నల్లపిల్ల బయటికి వచ్చి, నీళ్ళ పైఅంచుకు చేరి నోరు పైకి పెట్టి నిలబడింది. టన్నున్నర నీళ్ళకు ఆ ప్రాణి ఒక గీతంత ఉంది. ఇన్నాళ్ళూ నేను మోసిన భయం ఆ కాస్త చేప ఎత్తుకుపోయింది.

"మీ మిడతలు దీని నోట పట్టవు కదండీ," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"దాని నోటికి పట్టేయి తెస్తాలే. అదీ పెరుగుద్ది, అయ్యీ పెరుగుతాయి."

ధైర్యం చేసి అడిగాను. "పన్ను రేపు చూపించుకుందామా?"

ఆయన తొట్టి మీద మూత సరిచేసి, రెండు చేతులతో నొక్కి చూశారు.

"రేపు నా నడక అయ్యాక వెళ్దాం," అన్నారు. "వచ్చేటప్పుడు టైలరు దగ్గర కూడా ఆగుదాం."